వెనక లైట్ల మీద నలుపు మీకు కనిపించడం లేదా? ఒక ఆటో ఎలక్ట్రీషియన్ బహిరంగ లేఖ

తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి, హైదరాబాద్ నగరం, శివార్ల ట్రాఫిక్ విభాగాల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను కార్ల లైట్లు, వైరింగ్ పని చేసే ఆటో ఎలక్ట్రీషియన్‌ని. కార్ల వెనక లైట్లకు నల్ల ఫిల్మ్ అతికించడం, నల్ల స్ప్రే కొట్టడం ఈ ఊళ్లో ఎంత మామూలైపోయిందో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. దీన్ని ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఉద్యోగులు అక్కర్లేదు, కొత్త కెమెరాలు కూడా అక్కర్లేదు. మీ దగ్గర ఇప్పటికే ఉన్నవి వాడుకుంటే చాలు. అవేంటో కింద చెప్తాను.

కారు అద్దాల నల్ల ఫిల్మ్ విషయంలో మీరు ఎంత గట్టిగా ఉన్నారో నగరమంతా చూసింది. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో, కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, చౌరస్తాల్లో కార్లు పక్కకు ఆపి, అక్కడికక్కడే ఫిల్మ్ పీకించి, చలానా చేతిలో పెట్టిన రోజులు మా మెకానిక్‌లందరికీ గుర్తున్నాయి. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలన్న, కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 100వ నియమం ఇప్పుడు కారు కొన్న ప్రతి కుర్రాడికీ నోటికొచ్చు. ఆ తర్వాత ఆ నియమానికి సవరణ వచ్చింది, ఆ శాతాలు తగ్గకుండా ఉంటే ఫిల్మ్ వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది, ఆ లొల్లి వేరు. అద్దం నల్లగా ఉంటే లోపల ఎవరున్నారో మీకు కనిపించదు. లైటు నల్లగా ఉంటే ముందు కారు ఆగుతోందో లేదో వెనక వచ్చేవాడికి కనిపించదు. మొదటిదాని మీద అంత పట్టుదల చూపించినవాళ్లు రెండోదాన్ని ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాదు.

చట్టంలో లేదని అనడానికి లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 105వ నియమం బండి వెనక ఎర్ర లైటు ఎంత దూరం నుంచి కనపడాలో చెబుతుంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన 182ఏ(4) ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కాగితం మీద ఇంత ఉంది. రోడ్డు మీద మాత్రం, హెల్మెట్ లేని బైకును ఫోటో తీస్తున్న కానిస్టేబుల్ పక్క నుంచే నల్ల లైట్ల కారు దర్జాగా వెళ్లిపోతుంది.

ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను. నేను చూసినంతలో ఇది షాపుల్లో కన్నా ఇళ్ల దగ్గరే ఎక్కువ జరుగుతోంది కాబట్టి, షాపుల మీద దాడులు చేసినంత మాత్రాన ఆగేది కాదు.

ఒక పద్ధతి ఫిల్మ్. స్మోక్ ఫిల్మ్ అని రోల్ దొరుకుతుంది, లైట్, మీడియం, డార్క్ అని రకాలు. ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తుంది. ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లైట్లు కడిగి, సబ్బు నీళ్లు చల్లి, ఫిల్మ్ పరుస్తారు. వంపులున్న చోట హీట్ గన్‌తోనో, ఇంట్లో అక్క హెయిర్ డ్రైయర్‌తోనో వేడి చేసి సాగదీస్తారు. ప్లాస్టిక్ పట్టీతో నీళ్లు, గాలి బుడగలు బయటికి నెట్టి, అంచులు బ్లేడుతో కోసేస్తారు. ఆ బ్లేడు లైటు పక్కన ఉన్న పెయింటును కూడా గీరుతుంది. రెండు వానాకాలాలు పోయాక అక్కడ తుప్పు మొదలైతే డెంటింగ్ షాపువాడి దగ్గరికి వెళ్లి కంపెనీని తిడతారు. అది వాళ్ల ఖర్చు, మీకు సంబంధం లేదనుకోండి.

రెండోది స్ప్రే. ఇది ఇంకా కష్టం, ఇంకా ప్రమాదం. లైట్లు విప్పి, 800 నంబర్ వాటర్ పేపర్‌తో పైన మెరుపు పోయేదాకా రుద్ది, టింట్ స్ప్రే కొడతారు. ఈ మోజు అమెరికా నుంచి వచ్చింది, అక్కడ నైట్ షేడ్స్ అనే డబ్బా ఈ పనికోసమే అమ్ముతారు. ఒక కోటుకు సన్నటి పొగ రంగు వస్తుంది. రెండో కోటుకు ముదురుతుంది. మూడో కోటు పడితే పగలు లైటు ఎక్కడుందో, బాడీ ఎక్కడుందో తేడా తెలియదు, కుర్రాళ్లకు కావాల్సింది కూడా అదే. ఎంత మందం పడిందో కొలిచే సాధనం ఇంట్లో ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి కుడి లైటు ఒకలా, ఎడమ లైటు మరోలా తయారవుతాయి. దాని మీద మెరుపు కోసం రంగులేని క్లియర్ కోటు, మళ్లీ 2000 నంబర్ పేపర్, ఆపైన బఫింగ్. హార్డెనర్ కలిపే టూ-కే క్లియర్ అయితే అందులో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు చెడు చేసే రసాయనాలు ఉంటాయి. అది పెయింట్ బూత్‌లో, తగిన మాస్క్ పెట్టుకుని కొట్టాల్సిన సరుకు. గాలి ఆడని సెల్లార్‌లో మూతికి కర్చీఫ్ కట్టుకుని కొడుతున్నారు, అటు పక్కనే పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. హెడ్‌లైటు లెన్స్, అంటే పైకి కనిపించే ముందు భాగం, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌తో చేస్తారు, వెనక లైటుకు ఎక్కువగా ఆక్రిలిక్ ప్లాస్టిక్ వాడతారు. ఆక్రిలిక్‌కు థిన్నర్ అస్సలు పడదు. స్ప్రే కొట్టే ముందు శుభ్రం చేద్దామని, కొట్టాక నచ్చకపోతే తుడిచేద్దామని థిన్నర్ గుడ్డ పెడతారు. లెన్స్ అంతా సాలెగూడులా సన్నటి పగుళ్లు వచ్చేస్తాయి. ఇక ఆ లైటు మార్చాల్సిందే. ఇప్పటి ఎల్ఈడీ కార్లలో బల్బు ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం అసెంబ్లీ, అంటే లైటు పెట్టె అంతా కొనాలి. దాని ధర చెప్పగానే చాలామంది, "పోనీ అన్నా, అట్లనే ఉండనీ" అంటారు. అలా పగిలి నల్లబడిన లైట్లతో తిరిగే కార్లు ఈ ఊళ్లో బోలెడు.

పని అంతా అయ్యాక ఒక పరీక్ష పెడతారు. రాత్రి సెల్లార్‌లో ఒకడు కూర్చుని బ్రేక్ తొక్కుతాడు, ఇంకొకడు నాలుగడుగుల వెనక నిలబడి, "మస్తు కనిపిస్తుంది రా, ఏం టెన్షన్ లేదు" అంటాడు. చీకట్లో, ఆ దూరం నుంచి అగ్గిపుల్ల గీసినా కనిపిస్తుంది. బ్రేక్ లైటుకు అసలు పరీక్ష మే నెల మధ్యాహ్నం, ఎండ నెత్తిన ఉన్నప్పుడు, యాభై అరవై మీటర్ల దూరం నుంచి పెట్టాలి. ఆ పరీక్ష ఎవరూ పెట్టరు.

ఇప్పుడు లెక్కలకు వస్తాను. పాత రకం కారు వెనక లైటు తీస్తే లోపల ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది టెయిల్ లైటుకు, 21 వాట్లది బ్రేక్‌కు. దూరం నుంచి చూసేవాడికి రెండూ ఎరుపే. బ్రేక్ పడిందని వెనకవాడికి తెలిసేది వెలుగు ఒక్కసారిగా పెరగడం వల్లనే. అందుకే అంతర్జాతీయ వాహన నియమాలు ఈ రెండింటి మధ్య పెద్ద ఖాళీ ఉంచాయి. టెయిల్ లైటు నేరుగా వెనకవైపు కనీసం 4 కాండెలా, గరిష్ఠంగా 17 కాండెలా ఉండాలి (కాండెలా అంటే వెలుగు తీవ్రతకు కొలత). బ్రేక్ లైటు కనీసం 60 ఉండాలి. మన దేశంలో లైట్లను పరీక్షించే ప్రమాణాలు కూడా ఆ దారిలోనివే.

60 కాండెలా ఇచ్చే బ్రేక్ లైటు మీద నాలుగో వంతు వెలుతురు మాత్రమే బయటికి వదిలే ముదురు ఫిల్మ్ వేశారనుకోండి. బయటికి వచ్చేది 15. అంటే టెయిల్ లైటుకు నియమం ఇచ్చిన హద్దులోకి పడిపోయింది. డ్రైవరు బ్రేక్ మీద నిలబడి తొక్కుతున్నా, వెనకవాడి కంటికి అది లైట్లు వేసుకుని మామూలుగా పోతున్న కారే. నిజం కార్లలో కనీసానికన్నా ఎక్కువ వెలుగు ఉంటుంది కాబట్టి ప్రతిసారీ సరిగ్గా ఇలాగే అవుతుందని నేను అనను. కానీ బల్బు పాతబడి మసిబారి, హోల్డర్‌లో ఎర్త్ సరిగ్గా అందక, లెన్స్ మీద దుమ్ము పేరుకుని ఉన్న కార్లే మా దగ్గరికి ఎక్కువ వస్తాయి. వాటి వెలుగు ఆ కనీసం కన్నా ఎప్పుడో కిందికి పడిపోయింది. దాని మీద మళ్లీ ఫిల్మ్.

రిఫ్లెక్టర్ సంగతి ఇంకా ఘోరం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. చాలా కార్లలో ఎర్ర రిఫ్లెక్టర్ వెనక లైటు అసెంబ్లీలోనే కలిసి ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు, వెనక వచ్చే బండి హెడ్‌లైటు వెలుగును తిప్పి కొడుతుంది. బల్బు వెలుగు ఫిల్మ్ గుండా ఒక్కసారే బయటికి వస్తుంది. రిఫ్లెక్టర్‌కు మాత్రం వెలుగు ఫిల్మ్ గుండా లోపలికి పోవాలి, మళ్లీ అదే ఫిల్మ్ గుండా బయటికి రావాలి. సగం వెలుతురు ఆపే ఫిల్మ్ అయితే బల్బుకు సగం మిగులుతుంది, రిఫ్లెక్టర్‌కు పావు వంతే మిగులుతుంది. ముప్పై శాతం వదిలే ఫిల్మ్ అయితే రిఫ్లెక్టర్‌కు మిగిలేది తొమ్మిది శాతం. బ్యాటరీ దిగిపోయో, ఇంజిన్ ఆగిపోయో రాత్రి ఔటర్ రింగు రోడ్డు పక్కన నిలిచిపోయిన కారును కాపాడేది ఆ రిఫ్లెక్టర్ ఒక్కటే. హజార్డ్ లైట్లు వేసుకోవచ్చు కదా అంటారు. బ్యాటరీ ఉంటే వేసుకోవచ్చు, అవి కూడా ఆ నల్ల ఫిల్మ్ వెనకే ఉంటాయి.

ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు. దాని మీద మొదటి రెండు లేన్లలో 2023 నుంచి గంటకు 120 కిలోమీటర్ల దాకా పోవచ్చు. 120 అంటే సెకనుకు 33 మీటర్లు. ముందు కారు బ్రేక్ వేసిందని గుర్తుపట్టడానికి అర సెకను ఆలస్యమైతే వెనక కారు 16 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది, అంటే నాలుగు కార్ల పొడుగు. ఎల్ఈడీ బ్రేక్ లైటు మామూలు బల్బు కన్నా సుమారు 0.2 సెకను ముందు పూర్తిగా వెలుగుతుంది. 100 వేగంలో ఆ కాస్త సమయం అయిదున్నర మీటర్లకు సమానం. ఆ అయిదున్నర మీటర్లను వందల రూపాయల ఫిల్మ్ పెట్టి వదిలేసుకుంటున్నారు.

ఔటర్ మీద పోని వాళ్లకు కూడా బాధే. ఉప్పల్, సికింద్రాబాద్ వైపు నుంచి ఉదయం ఎనిమిది తొమ్మిదింటికి హైటెక్ సిటీ వైపు పోయే కార్లను చూడండి. అందరూ పడమర దిక్కుగా పోతున్నారు, సూర్యుడు వాళ్ల వీపు వెనక ఉన్నాడు. ఆ ఎండ నేరుగా వచ్చి టెయిల్ లైట్ల మీదే పడుతుంది. మామూలు లైటే ఆ సమయంలో వెలిగిందో లేదో తేల్చుకోవడం కష్టం. నల్ల లైటయితే బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో చిన్న గుద్దుళ్లు, దిగి కాలర్లు పట్టుకోవడాలు, వెనక కిలోమీటరు జామ్. తర్వాత రెండు కార్లూ మా షాపుకే వస్తాయి. నాకు గిరాకీ వస్తుంది నిజమే, అయినా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఊళ్లో చాలా చౌరస్తాలు మూసి యూటర్న్‌లు పెట్టారు. మంచిదో చెడ్డదో నేను చెప్పను గానీ, దాంతో ఇండికేటర్ విలువ పెరిగింది. కారు కుడి లేన్‌లోకి ఎందుకు వస్తోందో, యూటర్న్ దగ్గర ఎందుకు నెమ్మదిస్తోందో వెనక ఉన్న స్కూటీకి చెప్పేది ఆ పసుపు లైటే. ఫిల్మ్ వేసేవాళ్లు ఇండికేటర్‌ను మినహాయించరు, మొత్తం అసెంబ్లీని కప్పేస్తారు. రివర్స్ లైటు కూడా అందులోనే. తెల్లటి రివర్స్ లైటు నల్ల ఫిల్మ్ కింద బూడిద రంగు మచ్చలా ఉంటుంది. గల్లీల్లో, స్కూళ్ల ముందు వెనక్కి వచ్చే కారుకు అలాంటి లైటు ఉండటం ఏమిటో మీరే ఆలోచించండి.

అందరికన్నా ఎక్కువ నష్టం టూవీలర్ వాళ్లకు. కారు వెనక కారు గుద్దితే బంపర్ పోతుంది. బైకు గుద్దితే మనిషి పోతాడు. వానలో, గీతలు పడ్డ హెల్మెట్ అద్దం మీద నీళ్లు జారుతుంటే, ఎదురు హెడ్‌లైట్లు ఆ నీటిబొట్లలో పగిలి కళ్లలో పడుతుంటే, డెలివరీ బ్యాగ్ వీపున వేసుకున్న పిల్లవాడు ముందున్న ఎర్ర లైటునే నమ్ముకుని పోతాడు. ముందు కారు గుంత చూసి గట్టిగా బ్రేక్ కొడుతుంది. తడి రోడ్డు మీద వాడు అంత గట్టిగా కొడితే చక్రం జారుతుంది. కాబట్టి వాడికి కారులో వచ్చేవాడి కన్నా ముందే తెలియాలి. నల్ల లైటు వాడికి ఆలస్యంగా చెబుతుంది.

న్యాయంగా మాట్లాడాలంటే కుర్రాళ్ల వాదన కూడా చెప్పాలి. వాళ్లందరూ నిర్లక్ష్యం మనుషులేం కారు. కారు అంటే ప్రాణం, వారం వారం కడుగుతారు, తమ చేత్తో ఏదైనా చేసుకోవాలని సరదా. ఆ సరదా నాకు ఇష్టమే, నేను ఈ పనిలోకి వచ్చింది కూడా ఆ సరదాతోనే. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, కంపెనీ నుంచే నల్ల టెయిల్ లైట్లతో వచ్చే కార్లు ఉన్నయి కదా, వాటికి లేనిది మాకేంటి?" ఈ ప్రశ్నకు మీ సిబ్బంది దగ్గర జవాబు ఉండాలి. కంపెనీ ముదురు లెన్స్ పెట్టినప్పుడు ఆ లెన్స్‌ను లెక్కలోకి తీసుకునే లోపల బల్బును, ఎల్ఈడీని, వెలుగును కూడగట్టే అద్దాలను తయారు చేస్తుంది. ఆ మొత్తం లైటును ల్యాబ్‌లో కొలిచి, సరిపోయిందంటేనే రోడ్డు మీదికి వదులుతారు. రంగు ముదురుగా ఉండటం తప్పు కాదు, కొలిచిన వెలుగును తగ్గించడం తప్పు.

రెండో వాదన, "లోపల ఎక్కువ వాట్ల బల్బు వేసుకుంటం, ఎల్ఈడీ బల్బు వేసుకుంటం, సరిపోతది." సరిపోదు. వాట్లు పెంచితే ప్లాస్టిక్ హోల్డర్ వేడికి కాలుతుంది. కాలిన హోల్డర్లు నా డబ్బాలో ఎన్నో ఉన్నాయి. మామూలు బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో చవక ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు పోవాల్సిన వైపు పోదు, మధ్యలో ఒక చుక్క మెరుస్తుంది, పక్కల నుంచి చూస్తే చీకటి.

మూడోది, "వెనక అద్దంలో థర్డ్ బ్రేక్ లైటు ఉంది కదా." ఉంది, మంచిదే. అది బ్రేక్ తొక్కినప్పుడే వెలుగుతుంది. రాత్రి కారు అక్కడ ఉందని గానీ, ఎటు తిరుగుతుందని గానీ చెప్పదు. పైగా నల్ల లైట్ల మీద మోజున్న కారుకు వెనక అద్దం మీద పెద్ద స్టిక్కరో, ఇంటిపేరో, అభిమాన హీరో బొమ్మో ఉండనే ఉంటుంది.

ఇక మీరు ఏం చేయగలరు అన్న దగ్గరికి వస్తాను.

సొంత కారు మొదటిసారి రిజిస్ట్రేషన్ అయ్యాక, ఆ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నడుస్తుంది. ఆ 15 ఏళ్లలో ఆ కారు లైట్లను అధికారికంగా చూసేవాడు ఎవడూ లేడు. ట్యాక్సీకి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కాబట్టి క్యాబ్ డ్రైవర్లు లైట్ల మీద పెద్దగా ప్రయోగాలు చేయరు. నల్ల లైట్ల కార్లలో పసుపు నంబర్ ప్లేట్లు ఎన్ని కనిపిస్తాయో మీరే గమనించండి. భయం ఉన్న చోట ఈ నల్ల పని జరగదు. సొంత కార్లకు ఫిట్‌నెస్ పెట్టమని నేను అడగను, ఆర్టీఏ ఆఫీసుల ముందు ఇప్పుడున్న క్యూలు చాలు.

కానీ సొంత కారు కూడా ఏడాదికో, ఆరు నెలలకో ఒకసారి పొల్యూషన్ వ్యాను దగ్గర ఆగాల్సిందే. ఆ వ్యానులో కుర్రాడు ఏం చేస్తాడు? కారు వెనక్కి వచ్చి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, నంబర్ ప్లేట్ ఫోటో తీస్తాడు. టెయిల్ లైట్లు ఆ గొట్టానికి రెండడుగుల పైనే ఉన్నాయి. బ్రేక్ ఒకసారి తొక్కమని, ఇండికేటర్లు వేయమని డ్రైవర్‌కు చెప్పడానికి అరనిమిషం పట్టదు. లైట్ల మీద ఫిల్మ్ గానీ, స్ప్రే గానీ ఉంటే సర్టిఫికెట్‌ను ఆపమని నేను అనడం లేదు, దానికి మీకు అధికారం ఉందో లేదో మీ న్యాయ విభాగం చూసుకుంటుంది. కనీసం ఆ విషయం నమోదు చేసి, యజమాని ఫోన్‌కు, "మీ కారు వెనక లైట్లు నిబంధనలకు విరుద్ధంగా ఉన్నాయి, ఫలానా తేదీ లోపు తీయించుకోండి" అని ఒక మెసేజ్ పంపితే, సగం మంది తీసేస్తారు. వాళ్లకు ఇది తప్పని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

రెండోది మీ చలానా ఫోటోలు. ఈ నగరంలో ట్రాఫిక్ చలానాలో వచ్చే ఫోటో సాధారణంగా బండి వెనక నుంచే ఉంటుంది, నంబర్ ప్లేట్ కోసం. ప్లేట్‌కు అటూ ఇటూ ఉండేవి టెయిల్ లైట్లే. అంటే నల్ల లైట్ల కార్ల ఫోటోలు వేలకు వేలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. సిగ్నల్ దాటిందనో, రాంగ్ పార్కింగ్ అనో తీసిన ఫోటోలో ఈ తప్పు కూడా కళ్లముందే ఉంటుంది, ఎవరూ చూడరు. చలానా వేసే సిబ్బందికి ఫోటోలో ఆ లైట్లను కూడా ఒకసారి చూడమని చెప్పండి. అయితే ఫోటో ఒక్కటే చూసి జరిమానా వేయకండి. కంపెనీ లైటే ముదురు రంగులో ఉండొచ్చు, తర్వాత ఆ యజమాని మీ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. మొదట నోటీసు, కారు చూపించమని గడువు, అప్పటికీ తీయకపోతే జరిమానా.

దగ్గర నుంచి చూస్తే తేడా పట్టడం కష్టమేం కాదు. ఫిల్మ్‌కు అంచు ఉంటుంది, గోరు పెడితే తగులుతుంది. మూలల్లో గాలి బుడగలు, దుమ్ము గీత ఉంటాయి. స్ప్రే కొడితే లెన్స్ మీద అచ్చుపోసిన అక్షరాలు పెయింటుతో నిండిపోయి మొద్దుబారి ఉంటాయి, రబ్బరు బీడింగ్ మీద కూడా నలుపు చిమ్మి ఉంటుంది. మా మెకానిక్‌లు అయితే నాలుగడుగుల దూరం నుంచే చెప్పేస్తారు. మీ సిబ్బందికి ఒక పూట నేర్పాలంటే మాలాంటి వాళ్లం డబ్బులు తీసుకోకుండా వస్తాం.

షాపుల విషయం. రాణిగంజ్, పుత్లీబౌలి వంటి చోట్ల స్పేర్ పార్టులు అమ్మేవాళ్లతో నాకు రోజూ పని. చట్టం మార్పు చేసిన యజమానిని పట్టుకుంటుంది, ఫిల్మ్ అమ్మినవాడు మాత్రం "నేను స్టిక్కర్ అమ్మిన, ఎక్కడ అతికిస్తరో నాకేం ఎర్క" అంటాడు. వాళ్లతో యుద్ధం పెట్టుకోకండి. రోల్ మీద, దుకాణంలో గోడ మీద, "రోడ్డు మీద తిరిగే కారు లైట్లకు ఇది వాడటం నేరం" అని తెలుగులో, ఉర్దూలో రాయించండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు కూడా అదే చెప్పండి. అక్కడ ఫోటోల్లో కారు, లైటు, లుక్ అన్నీ ఉంటాయి, చట్టం గురించి ఒక్క ముక్క ఉండదు.

ఒక మాట మీకు చేదుగా ఉండొచ్చు, అయినా చెప్పకుండా ఉండలేను. కుర్రాళ్ల నల్ల లైట్లు పట్టుకునే ముందు, లైట్లే లేని బండ్లను చూడండి. ఒకవైపు టెయిల్ లైటు పగిలి, ఇంకోవైపు బురదతో మూసుకుపోయిన లారీలు, వెనక ఏ లైటూ లేని ట్రాక్టర్ ట్రాలీలు, బ్రేక్ లైటు ఎప్పుడూ వెలిగే ఉండే సర్కారు బండ్లు. బ్రేక్ లైటు ఎప్పుడూ వెలిగి ఉండటం కూడా లేనట్టే. నోటీసు అందుకున్న కుర్రాడు మొదట అడిగేది, "వాళ్లనెందుకు ఆపరు?" అనే. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటేనే మాకు వాళ్లతో వాదించే నోరు ఉంటుంది. మీ శాఖల బండ్లతోనే మొదలుపెట్టండి. బల్బు ధర టీ, సమోసా ఖర్చుకు ఎక్కువేం కాదు.

గడువు గురించి కూడా ఒక విన్నపం. ఫిల్మ్ అయితే తీయడం సులువు. హెయిర్ డ్రైయర్‌తో వెచ్చజేసి నెమ్మదిగా లాగితే వచ్చేస్తుంది, మిగిలిన జిగురు సబ్బు నీళ్లు, ఓపికతో పోతుంది. థిన్నర్, పెట్రోలు మాత్రం తగిలించకూడదు. స్ప్రే అయితే మళ్లీ రుద్ది, పాలిష్ పట్టాలి, పగుళ్లు వచ్చి ఉంటే అసెంబ్లీయే మార్చాలి, పార్టు తెప్పించడానికి రోజులు పట్టొచ్చు. కాబట్టి ఒక్కసారిగా రోడ్డు మీద ఆపి వేల రూపాయల జరిమానా రాయకుండా, నెల రోజుల గడువు ప్రకటించండి. ఆ నెలలో మీరు ఎక్కడ శిబిరం పెట్టినా, ఫిల్మ్ తీసే పని మేం ఉచితంగా చేసి పెడతాం. వానలు మొదలయ్యే లోపు ఆ నెల ముగిసేలా చూసుకుంటే బాగుంటుంది.

ఇవన్నీ ఒకేసారి కుదరవంటే పొల్యూషన్ వ్యాన్ల పని ఒక్కటి మొదలుపెట్టండి. వాళ్లకు సర్క్యులర్ పంపినప్పుడు దాని కాపీ మా మెకానిక్ షాపులకు కూడా ఇప్పించండి. షాపుకొచ్చే తమ్ముళ్లకు ఇవన్నీ నేను రోజూ చెప్తూనే ఉన్నాను, "నీకెందుకన్నా, పైసలు తీసుకో, పని చెయ్" అంటున్నారు. మీ ముద్ర ఉన్న కాగితం గోడ మీద ఉంటే, వేలు పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్, హైదరాబాద్